పాక దగ్గర మనిషి

క్రిస్మస్ పొద్దున బిర్యానీకి వెల్లుల్లి ఒలుస్తుంటే అమల వచ్చి, "అమ్మా, పాకలో మరియమ్మ మళ్ళీ లేదు" అంది. దానికి ఆరేళ్ళు. చెల్లెలు జెస్సీకి మూడు.

"ఎందుకు తీస్తారే? పగిలితే నాన్న ఊరుకోరు."

"మేం తియ్యలేదు. నువ్వేగా తీసేది."

తలెత్తి చూశాను. మరియమ్మ స్వరూపం స్టవ్ పక్కన ఉప్పు డబ్బాకి ఆనుకుని, మంట వైపు మొహం పెట్టి ఉంది. నిన్న కూడా అక్కడే దొరికింది. మొన్న సింకు దగ్గర.

హాలు మూలలో ఏటా వరిగడ్డితో బాలయేసు పుట్టిన పశువుల పాక కట్టేది మా అత్తయ్య లూర్దమ్మ. మొన్న వేసవిలో ఆమె పోయారు. ఈసారి నేను కట్టాను. పాక కట్టాక జనవరి మొదట్లో వచ్చే ముగ్గురు రాజుల పండగ దాకా ఇల్లు ఖాళీగా ఉంచకూడదని ఈ ఇంట్లో పట్టింపు. క్రిస్మస్ పూజకి రేపల్లెలో మా వాళ్ళందరూ చర్చికి వెళ్తే, పాక దగ్గర ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఎవరన్నది ఎప్పుడూ మాటల్లోకి రాలేదు. ఎలాగూ ఉంటారు కాబట్టి వంట చేస్తారు. తను పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి అత్తయ్య ఉన్నారు. తర్వాత నేనూ ఆమెతో ఉన్నాను. అమలకి ఏటా గౌను నేనే కుడతాను. ఆ గౌనులో దాన్ని చర్చిలో చూసింది మాత్రం ఫోన్లోనే. ఈసారి పూజ మధ్యలో జరిగే కానుకల ఊరేగింపులో అది కొవ్వొత్తి పట్టుకుని ముందు నడుస్తుంది. "నువ్వు చూస్తావా?" అని వారం నుంచి అడుగుతోంది.

రాత్రి మా ఆయన బాలశౌరి చొక్కా ఇస్త్రీ చేస్తూ, ఈసారి నేనూ పూజకి వస్తానన్నాను. "మరి పాక దగ్గర ఎవరుంటారు? బాపట్ల నుంచి అక్కావాళ్ళు వచ్చేసరికి అన్నం ఉండాలా వద్దా? మా అమ్మ ఇన్నేళ్ళు చేసింది. ఒక్కసారైనా నోరు తెరిచిందా?" అన్నాడు. నేను కాలరు ఇస్త్రీ చేశాను. తెనాలిలో ల్యాబ్ ఉద్యోగం నాది. క్రిస్మస్ ముందురోజుకి సెలవడిగితే మేనేజర్, "మీవాళ్ళంతా ఒకేసారి అడిగితే ఎలాగమ్మా" అన్నాడు. అక్కడ మావాళ్ళంటే నేనొక్కదాన్నే. అప్పుడూ చేతిలో పనే చేసుకుపోయాను.

స్వరూపాన్ని తీసుకుని పాక దగ్గరికి వెళ్ళాను. ముసుగు మడతల్లో మసి. గోటితో గీకితే రాలేదు. కట్టెల పొయ్యి మసి అది. నేను కాపురానికొచ్చేసరికే ఈ ఇంట్లో గ్యాసుంది. అంటే అంతకు ముందు నుంచే మరియమ్మ వంటింట్లోకి వస్తోందన్నమాట. పోయినేడు పూజ వేళ అత్తయ్య గరిటె ఆపి, చర్చి మైకు వింటూ, "ఇప్పుడు కానుకలు తీసుకెళ్తున్నారు" అన్నారు. తర్వాత ఫాదర్ గారి ప్రతి మాటకీ పొయ్యి దగ్గర నిలబడే జవాబు చెప్పారు, పైకే, పూజ అయ్యేదాకా. ఆమె నోరు తెరిచారో లేదో ఆమె కొడుక్కి తెలిసే వీల్లేదు. అతను చర్చిలో ఉన్నాడు.

మరియమ్మని పాకలో పెట్టి, అమలకి జడ వేసి, వంటింట్లోకి వచ్చాను. వెల్లుల్లి అంతా ఒలిచి ఉంది. పొట్టు ఒక పక్కకి కుప్పగా తీసి ఉంది, అత్తయ్య తీసే పద్ధతిలో. జెస్సీ పీట పక్కన కూర్చుని ఉంది.

"ఎవరు ఒలిచారు?"

"నాన్నమ్మ."

బయట ఆటో హారన్ మోగింది. బాలశౌరి చర్చిలో కుర్చీలు వేయించడానికి ముందే వెళ్ళాడు. పిల్లల్ని తీసుకెళ్ళేది ఎప్పుడూ మస్తాన్ వలి. నేను స్టవ్ ఆర్పాను. బియ్యం నానుతున్నాయి. మాంసం గిన్నె మీద మూత పెట్టాను. చీర మార్చుకుని, పిల్లల్ని ఆటో ఎక్కించి, తలుపుకి తాళం వేశాను.

"ఏంటమ్మా, ఇవాళ మీరు కూడానా?" అన్నాడు మస్తాన్ వలి.

"నేను కూడా."

ఆటోలో కాలు పెట్టబోతుంటే లోపల్నుంచి కుక్కర్ విజిల్ వచ్చింది.

"స్టవ్ మీద ఏదో మర్చిపోయారమ్మా" అన్నాడు అతను.

నేను కుక్కర్ పెట్టలేదు. ఆ విజిల్ కూడా నా కుక్కర్‌ది కాదు. అత్తయ్య పాత కుక్కర్‌ది. అది అటక మీద ఉంది. మళ్ళీ కూసింది. వెనక్కి వెళ్ళి తాళం తీశాను. పాకలో పెట్టిన మరియమ్మ గడప లోపల, చెప్పుల పక్కన ఉంది. ఈసారి మొహం వీధి వైపు ఉంది.

మరియమ్మని చేతిలోకి తీసుకున్నాను. గడప మీదే నిలబడి వంటింటి వైపు చూస్తూ అన్నాను.

"అత్తయ్యా, ఇంక పనాపండి. పాక దగ్గర ఎవరూ ఉండక్కర్లేదు. ఆటో వచ్చింది, రండి."

విజిల్ సగంలో ఆగింది.

స్వరూపాన్ని కొంగులో పట్టుకుని, తలుపు తెరిచే ఉంచి కాసేపు ఆగాను. తర్వాత తాళం వేశాను. ఆటో దగ్గరికి వచ్చేసరికి జెస్సీ జరిగి అక్క ఒళ్ళోకి ఎక్కింది. సీటులో ఇద్దరికి చోటుంది.

మస్తాన్ వలి అద్దంలో చూశాడు. కొంచెంసేపు చూశాడు.

"అందరూ ఎక్కారా అమ్మా?"

"ఎక్కాం" అన్నాను.