నారింజ రంగు నలుసు

ఇసుకలో కలిసిపోయిన ప్లాస్టిక్‌ని ఎలా వేరు చేస్తారో చెప్పండి చూద్దాం? జల్లెడా? ఊహూ, అది సగం పనే. జల్లించిన ఇసుకని చిక్కటి ఉప్పునీళ్లలో కలపాలి. ఇసుక అడుక్కి పోతుంది, ప్లాస్టిక్ పైకి తేలుతుంది. తేలినదాన్ని వడకట్టి మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక్కో నలుసుకీ కాల్చిన సూది తాకించాలి. ముడుచుకుపోయిందా, ప్లాస్టిక్కే. లెక్కలో రాసుకోవాలి.

సముద్రం ఒడ్డున ఒక ల్యాబులో ఒకావిడ రోజూ ఇదే పని చేసేది. సన్నగా, గలగలలాడుతూ ఉంటుందని మొగుడు పిచ్చుకా అని పిలిచేవాడు. అతను పడవ మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు.

"అలిగి ఏ రేవులోనో కూర్చుని ఉంటాడు. వాడి మొండితనం తెలిసిందేగా" అనేది అత్తగారు. అందుకే దూరాన మంచి ఉద్యోగం వచ్చినా పిచ్చుక వెళ్లలేదు. మనిషి వచ్చేసరికి ఇంటికి తాళం వేసుంటే ఎలా?

నలుసులు మాట్లాడతాయని మీకు తెలుసుగా. మనుషుల దగ్గర చివరగా విన్న మాటే మళ్లీ మళ్లీ అంటుంటాయి. ఇక ల్యాబంతా గోలే. షాంపూ సీసా ముక్క "నీళ్లయిపోయాయే!" అని అరిచేది. చెప్పు ముక్క పక్కింటివాళ్లని దులిపేసేది. "దీనికి అచ్చం మా ఆవిడ పోలికే" అనేవాడు ల్యాబు పెద్దాయన. సూది తాకగానే నోరు మూసేవి.

ఒకరోజు నారింజ రంగు నలుసొకటి తేలింది.

"నీ నైలాను చున్నీదే అయ్యుంటుంది, పారెయ్యమ్మా. నూలుబట్టలే కట్టుకు రమ్మంటే వింటావా?" అన్నాడు పెద్దాయన.

పారేయబోతూ చెవి దగ్గర పెట్టుకుంది. అది చున్నీది కాదు, చిరిగిపోయిన లైఫ్ జాకెట్‌ది.

"పిచ్చుకా, చేతులు పట్టు తప్పుతున్నాయే. అమ్మకి మాత్రం చెప్పకు."

పిచ్చుక సూది కాల్చింది. కానీ తాకించలేకపోయింది. అది కాస్తా ముడుచుకుంటే ఆ గొంతు ఇంకెక్కడ దొరుకుతుంది? ఇంతలో అన్నం క్యారేజీ పట్టుకుని అత్తగారు వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. నలుసు అదే మాట మళ్లీ అంది.



"వెధవ" అంది అత్తగారు. "మునిగిపోతూ కూడా నాతో అబద్ధమే ఆడమంటాడు." క్యారేజీ కింద పెట్టింది. "ఆ సూది ఇలా ఇవ్వమ్మా. నేను కన్నవాడు. నా చేత్తోనే కానీ."

సూది మళ్లీ కాల్చి తాకించింది. నలుసు ముడుచుకుని ఊరుకుంది.

"రాసుకో, లెక్క తప్పకూడదు" అంది కోడలితో. తర్వాత, మొహం తిప్పుకుని, "ఆ ఉద్యోగం ఇంకా ఉందేమో కనుక్కో. నేనూ వస్తా" అంది.

ఆ వారమే ఇద్దరూ ఇంటికి తాళం వేసి వెళ్లారు.

కథ అయిపోయింది, ముక్కులు తుడుచుకోండర్రా. దుప్పట్లు సగం పిండి వదిలేసి వచ్చాను, మిగతావి పిండేసి వస్తా.