సీసాలో రంగు

వత్సల దగ్గింది. రెండే రెండు దగ్గులు. పొయ్యి కాడ రొట్టె కొడుతున్న నర్మద చేతులు అక్కడికక్కడే ఆగినయి. మూడోది వస్తదేమోనని చెవులు రిక్కించుకుని కూచుంది. మూడోది రాలేదు గని పెనం మీది రొట్టె మాడింది.

నర్మదకు భయపడుడు కొత్త కాదు. మొగడు రాజమౌళి బజారుకు పోయి పావుగంట ఆలస్యం చేస్తే ఏ ఆటో గుద్దిందోనని గల్లీ మూల దాకా ఉరికేది. దెగ్లూర్ బస్సు రాకపోతే వాగుల పడ్డదనుకునేది. "భయపడే నౌకరీ సర్కారోళ్లు పెడితే నీకు ఈపాటికి పెన్షన్ గూడ వచ్చేదే నర్మదా" అని పక్కింటి ఉమాబాయి ఎక్కిరించేది. నాందేడ్‌లోని నేతపని చేసే ఆ సాలోళ్ల గల్లీలో అందరూ నవ్వేటోళ్లు. నర్మద కూడా నవ్వి, మళ్ల భయపడేది.

ఈసారి మాత్రం ఎవరూ నవ్వలేదు. పంతొమ్మిదేండ్ల బిడ్డ వత్సలకు నెల రోజుల దగ్గు, పొద్దుమీకితే జ్వరం. దవాఖానలో తెమడ చూసి, ఛాతీ ఫోటో తీసి, టీ.బీ. అన్నరు.

ఆ మాట వినంగనే నర్మదకు చెల్లెలు మంగళ కండ్లల్ల మెదిలింది. ముప్పై ఏండ్ల కింద తల్లిగారి ఊరు మర్ఖేల్‌లో ఇట్లనే దగ్గింది మంగళ. దూరపు దవాఖానకు తీస్కపోయి వార్డుల పండబెట్టిన్రు. ఏడాదిన్నర దాకా సూదులు పొడవాలన్నరు. నాలుగు నెలలకు మొఖం కొంచెం తేటవడితే, నాయిన "బాగైంది తియ్యి" అని ఇంటికి తెచ్చిండు. దీపావళి ముందర తెల్ల చీర కొంగు మీద నెత్తురు పడ్డది. మళ్ల వార్డుకు పోయిన మంగళ తిరిగి రాలేదు. ఆ కొంగు నర్మదకు ఇప్పటికీ కలల వస్తది.

"ఇప్పుడు ఆ కాలం కాదు" అన్నడు డాక్టర్ మరాఠీల. "కొత్త మందులొచ్చినయి. ఆరు నెలలు చాలు. వార్డు వద్దు, ఇంట్లనే ఉండనియ్యిండి. పొద్దుగాల పరగడుపున ఈ గోలీలు. ఒక్క రోజు గూడ తప్పొద్దు." రాజమౌళిని పక్కకు పిలిచి ఇంకో ముచ్చట గూడ చెప్పిండు. ఈ ఎర్ర గోలీ మింగినోళ్లకు మూత్రం ఎర్రగ వస్తది, బెదరొద్దు, ఇంట్ల చెప్పు అని. రాజమౌళి తల ఊపిండు. ఇంటికొచ్చినంక, ఎదిగిన పిల్ల ముందర ఆ మాట ఎట్లెత్తాలెనో తెల్వక, మింగి ఊకున్నడు.

గోలీలు మొదలువెట్టిన నాలుగో రోజు పొద్దున వత్సల స్నానాల గదిలకెళ్లి వచ్చినంక నర్మద నీళ్లు కుమ్మరియ్య పోయింది. నీళ్లు పోయే మోరీలో ఎర్రటి చార. నర్మద గోడ పట్టుకుంది. చెల్లెకు నోట్లకెళ్లి వచ్చింది, బిడ్డకు ఇట్ల వస్తుంది, అంతే తేడా అనుకుంది. ఆ గోలీలు పిల్ల పేగులను కోస్తున్నయి. దవాఖానల చెప్తే వార్డులేస్తరు. వార్డులేస్తే ఇంక రాదు.

ఎవరితోని అనలేదు. గోలీల డబ్బా తీస్కపోయి జొన్నల అడుగున పెట్టింది.

"డాక్టర్ ఎనిమిది రోజులు ఆపుమన్నడు బిడ్డా, వేడి చేస్తదట" అంది.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నది వత్సల.

"నీకు చెప్తే నువ్వు మరుస్తవని."

మర్నాటికి మోరీల నీళ్లు తేటగ పారినయి. చూసి నర్మద దండం పెట్టుకుంది. రాజమౌళి పొద్దుగాలనే నూలుకు రంగులేసే గాబుల కాడికి పోయేటోడు, గోలీలు మింగుతున్నదనే అనుకున్నడు. ఆరో రోజుకు మళ్ల సాయంత్రం జ్వరం మొదలైంది. నర్మద కషాయం కాచింది. తగ్గలేదు. ఇటు చూస్తే జ్వరం, అటు చూస్తే నెత్తురు. నడుమ నిలబడి నర్మద రెండు దిక్కులా వణికింది.

తొమ్మిదో రోజు దవాఖాన మనిషి అంబాదాస్ సైకిల్ మీద వచ్చిండు. ముప్పై ఏండ్ల మనిషి, వాళ్ల కులపోడే, అందర్నీ అక్కా బావా అని పిలుస్తడు. నెలకు రెండుసార్లు ఇల్లిల్లు తిరిగి మందు మింగుతున్నరా లేదా చూసుడు అతని పని.

"నర్మదక్కా, పిల్లకు నీళ్లు ఏం రంగు వస్తున్నయి?" అని మొఖమాటం లేకుంట అడిగిండు. వత్సల లోపల పండుకున్నది.

"తేటగనే" అన్నది నర్మద గర్వంగ. "బంగారమసొంటి పిల్ల, ఏం లేదు."

అంబాదాస్ కాగితాల మీంచి తలెత్తిండు. "తేటగనా? ఎర్రగ రావాలె గదా. అది గోలీ రంగు. రేపు పొద్దుగాల వస్త, సీసాల పట్టి పెట్టు. ఎర్రగ లేకపోతే మందు పడుతలేదన్నట్టు. అప్పుడు దవాఖానల పెట్టి సూదులియ్యాలె."

వార్డు అనే మాట అతను అననే లేదు. నర్మద చెవుల మాత్రం అదొక్కటే మోగింది. గోలీ రంగు అన్నడే, అది నమ్మబుద్ధి కాలేదు. మంగళ పక్కన నిలబడి గూడ ఇసొంటి మంచి బట్టల మనుషులే, ఏం కాదమ్మా అన్నరు. రోగాన్ని నెత్తురుతోని బయటికి పంపుడే వీళ్ల వైద్యమేమో. పిల్ల ఒంట్ల నెత్తురు ఉన్నదే గింతంత.

కావాల్సింది ఎరుపు. ఎరుపు ఈ ఇంట్ల కరువా?

పొద్దుగాల సీసా నిండంగనే, రాజమౌళి రంగు డబ్బాలకెళ్లి కొసగోటితోని ఇంత ఎర్ర పొడి తీసి అందులేసింది. ఎక్కువైంది. ఇంకింత పసుపుపచ్చ రంగు కలిపి, వెలుగుకు పట్టి చూసి, మోరీలో చూసిన చారకు సరిపోయేదాకా తిప్పింది. ఇరవై ఏండ్లు నూలుకు రంగు కలిపిన చెయ్యి. తేడా రాలేదు.

అంబాదాస్ సీసాను ఎండకు ఎత్తి పట్టిండు. చాలాసేపు చూసిండు. రాజమౌళి ఆ రోజు ఇంట్లనే ఉన్నడు, గడప కాడ నూలు కట్ట విప్పుకుంట కూచున్నడు. అంబాదాస్ ఆ కట్టలకెళ్లి ఒక తెల్లపోగు తెంపి, సీసాల ముంచి, తీసి, బకెట్ నీళ్లల్ల బాగ జాడించిండు. పోగు నారింజ పండు రంగుల మెరిసింది. ఎంత పిండినా పోలేదు.

"బావా, నేను గూడ రంగు గాబుల కాడనే పెరిగిన" అన్నడు అంబాదాస్ నెమ్మదిగ. "గోలీ రంగయితే జాడిస్తే పోయేది. ఇది దవాఖాన రంగు కాదు, మీ గాబుల రంగు."

రాజమౌళి పోగు చూసిండు, పెండ్లాం గోరు చూసిండు. గోరు అంచుకు ఎర్రగ పట్టింది. "ఏం చేసినవే?" అన్నడు.

నర్మద గోరు కొంగుల దాచుకుంది. లోపలికి పోయి జొన్నల డబ్బా తెచ్చి గడపల కుమ్మరించింది. జొన్నల మీద గోలీల డబ్బా దొర్లింది. "నాలుగు నెలలు సూదులేసుకుని ఇంటికొచ్చిన నా చెల్లె నెత్తురు కక్కి సచ్చింది. నా బిడ్డకు నెత్తురు వోతుంటే ఎట్ల మింగియ్యాలె? తప్పైంది. నన్ను తిట్టు నాయినా, పిల్లను మాత్రం తీస్కపోకు" అని అంబాదాస్ ముందర కూలవడ్డది.

అప్పుడు రాజమౌళి మొఖం ఎర్రబడ్డది. "నాకు డాక్టర్ చెప్పిండు" అన్నడు తల దించుకుని. "నేనే చెప్పలే. సిగ్గయి."

వాకిట్ల నిలబడ్డ వత్సల అన్నది, "మీ ఇద్దరి సిగ్గు, భయం మంచిగనే ఉన్నయి. దగ్గేది నేను."

అంబాదాస్‌కు నవ్వాగలేదు. తర్వాత నవ్వు మానిండు. "నిన్ను తిడితే ఇంకోసారి ఇంకా మంచిగ దాస్తవక్కా. అందుకే తిట్ట. గని విను. సగం మందు తిని ఆపితే ఆ పురుగు సావదు, మొండిదయితది. మీ చెల్లె పానం తీసింది అదే. రోగం గాదు, నడుమల ఆపుడు." వత్సల చేతికి ఎర్ర గోలీ ఇచ్చి తన కండ్ల ముందర మింగిచ్చిండు. "ఇప్పుడు నాకు చాయ్ పెట్టు. నేను ఈడనే కూచుంట."

రెండు చాయ్‌లు తాగిండు. గంటన్నరకు వత్సల ఇంకో సీసా తెచ్చి గడపల పెట్టి, మొఖం అటు తిప్పుకుంది. ఎర్రగ, పలుచగ, ఎండ పడితే అగుపడేటట్టు.

నర్మద దాన్ని సాయంత్రం దాకా ఎవర్నీ ముట్టనియ్యలేదు. నెత్తురు ఆమెకు తెలుసు. నిలవ ఉంటే నల్లబడతది, అడుగుకు గడ్డ కడతది. మూడు గంటలైనా సీసాల గడ్డ లేదు, నలుపు లేదు. తెల్లపోగు ముంచి ఎండల ఆరేసింది. నెత్తురు మరకయితే గోధుమరంగుకు తిరిగేది. ఇది తిరగలేదు. నీళ్లల్ల జాడిస్తే చానా మటుకు పోయింది. ఆ పోగును చూసుకుంట చూసుకుంట నర్మద ఏడ్చింది. ఎవరి మాటా నమ్మని మనిషి, పోగు మాట నమ్మింది.

ఆ తెల్లారి నుంచి గల్లీలో అందరికంటే ముందు లేచేది నర్మదే. పిల్ల గోలీ మింగేదాకా చాయ్ ముట్టకపోయేది. మోరీల ఎరుపు చూస్తే మనసు కుదుట పడేది. "ఎర్రగ వచ్చిందా బిడ్డా?" అని బయటికెళ్లి అరిస్తే, వత్సల తలుపు లోపలికెళ్లి "గల్లీకంతా చెప్పరాదే" అనేది. ఉమాబాయి గోడవతల నవ్వేది.

రెండు నెలలైనా జ్వరం మళ్ల రాలేదు. మూడో నెలకు తెమడల పురుగు లేదన్నరు. ఆరో నెలల ఫోటో చూసి డాక్టర్ "చాలు, ఆపేయిండి" అన్నడు. ఆ మాట వినడానికి నర్మద ముప్పై ఏండ్లు ఎదురు చూసినట్టనిపించింది. ఈ గోలీ కనిపెట్టినోళ్లు ఎవరో, ఏ దేశపోళ్లో ఆమెకు తెల్వదు. మనసులనే వాళ్ల పిల్లలను సల్లగుండమన్నది. మంగళ ఈ గోలీ కంటె ముందుగాల పుట్టింది, అంతే. కొన్నేండ్లు ఆగి పుడితే ఈ గోలీ దానికీ దొరుకుతుండె.

గోలీలు ఆపిన మర్నాడే వత్సల తల్లిని పిలిచింది. "అవ్వా, రంగు పోయింది."

నర్మద మోరీ దాకా ఉరికింది. అలవాటు. తర్వాత తనకు తానే నవ్వుకుంది.

ఆ వారమే ఆమె సొంతంగ రంగు కాచింది. తిప్పి తిప్పి, సీసా రంగు వచ్చేదాకా. ఆ నూలుతో రాజమౌళి తలకు చుట్టేంత దస్తీ నేసిండు. అంబాదాస్ మళ్ల వచ్చినప్పుడు చేతుల పెట్టింది.

అతను దాన్ని తిప్పి చూసి, గుర్తు పట్టిండు. "ఇది కడిగితే పోతదా అక్కా?"

"పోదు" అన్నది నర్మద. "సైకిల్ మీద ఎండల తిరుగుతవు. తలకు కట్టుకో, వడదెబ్బ తగుల్తది."