కిటికీ పక్క కుర్చీ

అమ్మను ఇంట్లోంచి కదిలించడమంటే బీరువాను మేడ మీదికి ఎక్కించడమే. అయినా ఆ ఆదివారం పట్టుబట్టి సాహిత్య పండగకి లాక్కెళ్ళాను. మా పేట గ్రంథాలయం వాళ్ళు ఏటా జరుపుతారు. కింద హాల్లో పిల్లలు గొంతు చించుకుని కవితలు చదువుతున్నారు. వరండా నిండా పుస్తకాల బల్లలు. పై గదికి ‘ఎవరైనా రాయొచ్చు’ అని బోర్డు తగిలించారు. అమ్మ మెట్ల దగ్గరే మొరాయించింది.

“సంతకం పెట్టడానికే తంటాలు పడతాను, నేనేం రాస్తానే?”

“సామాన్ల చీటీ రాస్తావుగా, అలాగే రాయి. పద.”

మూడేళ్ళ క్రితం మా అక్క పొద్దున్నే కుట్టుపనికి వెళ్ళింది, తిరిగి రాలేదు. పోలీసులు వెతికారు, మేం వెతికాం, చివరికి అందరూ మానేశారు, అమ్మ తప్ప. ఇల్లు మారదామంటే వినదు, ఊరు దాటదామంటే వినదు. రాదమ్మా అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఉందో పోయిందో ఎవరైనా ఒక్క మాట తేల్చి చెబితే చాలు, ఏడ్చేదేదో ఒకేసారి ఏడ్చేసి ఊరుకుంటాం కదా అని నా బాధ. ఆ మాట పైకి అంటే అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడదు.

పై గదిలో ఆరుగురమయ్యాం. రాయించేది లైబ్రేరియన్ గారు. మిగతావాళ్ళు మా వీధి చివర సెలూన్ నడిపే ఆయన, మందుల షాపులో పనిచేసే అమ్మాయి, ఒక బస్సు డ్రైవరు, అమ్మ, నేను. కుర్చీలు గుండ్రంగా వేశారు. ఒకటి ఎక్కువైతే కిటికీ పక్కకి జరిపారు.

“ఈ గదిలో ఒకరిని ఎంచుకుని రాయండి. పేరు మాత్రం రాయొద్దు. చదువుతుంటే అదెవరో మిగతావాళ్ళం పోల్చుకోవాలి” అన్నారు లైబ్రేరియన్ గారు.

ఆవిడ కళ్ళజోడు గొలుసు మీద నాలుగు ముక్కలు గీకేశాను, నవ్విద్దామని. పక్కన అమ్మ తల వంచుకుని ఏదో రాసి, కలానికి మూత పెట్టేసి, మళ్ళీ తల ఎత్తలేదు.

ముందు సెలూన్ ఆయన గొంతు సవరించుకున్నాడు.

“ఆమె జుట్టు ఆమే కత్తిరించుకుంటుంది. కుడివైపు కాస్త పొట్టిగా ఉంది. తల తడిగా ఉంది. ఇంత ఫ్యాను కింద కూర్చున్నా ఆరడం లేదు.” కాగితం దించి నవ్వాడు. “మాకు జుట్టు తప్ప ఇంకేం కనబడుతుంది లెండి.”

అందరం ఒకరి తలలు ఒకరం చూసుకున్నాం. తడి తల ఎవరిదీ కాదు.

“ఎవరండీ?” అంది మందుల షాపు అమ్మాయి, తన కాగితం గుండెకు అదుముకుని.

“అదిగో, కిటికీ దగ్గర...” అని తిరిగాడు. కుర్చీ ఖాళీగా ఉంది. “ఇందాకటి దాకా కూర్చుందే. బయటికెళ్ళిందా?”

“మనం మొదట్నించీ ఆరుగురమేనండీ” అన్నారు లైబ్రేరియన్ గారు.

తరవాత ఆ అమ్మాయి చదివింది. “ఆమె ఎడమ బొటనవేలి గోటి మీద నల్లటి గీత ఉంది. సూది దిగిన దెబ్బలా ఉంది. ఆ వేలిని పిడికిట్లో దాచుకుని కూర్చుంది.”

పనిలో చేరిన కొత్తలో అక్క బొటనవేల్లోంచి మిషను సూది దూసుకుపోయింది. ఆ గీత పోలేదు. ఆ వేలిని అలా దాచుకునే అలవాటూ పోలేదు.

“ఇద్దరూ కూడబలుక్కుని ఆటపట్టిస్తున్నారా?” లైబ్రేరియన్ గారు నవ్వబోయి మానేశారు.

“ఆయనెవరో నాకు తెలీదు మేడమ్” అంది ఆ అమ్మాయి.

డ్రైవరు చదవనన్నాడు. బతిమాలితే కాగితం మడత విప్పాడు. “బస్సులో కొందరుంటారు. ఒళ్ళో సంచీ పెట్టుకుని, దిగాల్సిన చోటు దాటిపోయినా లేవరు. ఎవరో ఒకరు చెప్పాలి. ఆమె అలా కూర్చుంది. ఆ పెద్దావిడనే చూస్తోంది.” గడ్డంతో మా అమ్మవైపు చూపించాడు.

భయం వేయాలి. నాకు ఒళ్ళు మండింది. మూడేళ్ళు మా ప్రాణాలు తోడేసి, ఇప్పుడొచ్చి ముక్కూ మొహం తెలియని వాళ్ళకి కనబడుతుందా? నేనెంత కళ్ళు చించుకుని చూసినా అక్కడ ఉత్త కుర్చీయే.

“మీరు చదువుతారామ్మా?” అన్నారు లైబ్రేరియన్ గారు.

అమ్మ కాగితం దగ్గరగా పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. “కిటికీ పక్క కుర్చీలో ఎవరూ లేరు.”

అప్పుడు తట్టింది నాకు. సెలూన్ ఆయన నోరు తెరవకముందే అమ్మ ఆ మాట రాసి మూత పెట్టేసింది. అప్పటికి ఆ కుర్చీ ఊసు ఎవరూ ఎత్తలేదు.

“చూశావు కదూ” అన్నాను చెవి దగ్గర.

“లేదు.”

“అమ్మా, నీకు కనబడింది.”

“నేను చూశానంటే అది పోయినట్టేనే. నేను చూడలేదు.” నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. “నువ్వూ ఏం వినలేదు.”

డ్రైవరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “ఆమె మీకు తెలిసిన మనిషామ్మా?” అని నన్ను అడిగాడు.

మూడేళ్ళుగా నేను కోరుకున్న ఆ ఒక్క మాట నా నోటి దాకా వచ్చింది. అవునంటే చాలు, అన్నీ తేలిపోతాయి. అమ్మ ఇంకా నా మణికట్టు వదల్లేదు.

“తెలీదండీ” అన్నాను.

కింద చప్పట్లు వినిపిస్తున్నాయి. ఇద్దరం లేచాం. గుమ్మంలోకి వెళ్ళాలంటే ఆ కుర్చీని దాటుకునే వెళ్ళాలి. అమ్మ నేల చూపులతో నడిచింది. కుర్చీ దగ్గరికి రాగానే ఆగింది. తల ఎత్తకుండానే చెయ్యి చాపి, కూర్చున్న మనిషి తల ఉండే ఎత్తులో గాలిలో ఒకసారి నిమిరింది.

“ఇలా కాదే తల్లీ” అంది మెల్లగా. “మామూలుగా రా.”