నమిలే చప్పుడు

మా అత్తగారికి గొంతులో పుండు లేచి, ముక్కులోంచి గొట్టం వేసి జావ పోయడం మొదలుపెట్టాక ఆవిడ తిండి ఊసే ఎత్తలేదు. ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది.

"పిల్లా, టోఫు వేయించి నా పక్కన కూర్చుని తిను. వింటాను."

"నన్ను తినమంటారా?"

"మరి గోడ తింటుందా?"

ఇంట్లో ఇంకెవరూ లేని మాట నిజమే. మా ఆయన పోయాక మిగిలింది మేమిద్దరమే. మింగలేక కక్కలేక ఒకరినొకరం భరిస్తున్నాం.

ఆవిడ ఒకప్పుడు మిల్లు గేటు ముందు బండి పెట్టి టోఫు వేయించి అమ్మేది. సోయా పాలు విరగ్గొట్టి, గుడ్డలో పిండి, చెక్క అచ్చులో బిగించడం అంతా తన చేతి పనే. షిఫ్టు వదలగానే మూకుడు చుట్టూ జనం మూగేవారు. వాళ్లు నిలబడి కరకర నములుతుంటే వింటూ తన కడుపు నిండేదని చెప్పేది. అదే మనిషి, కొత్తగా కాపురానికొచ్చిన నన్ను మొదటి రోజు భోజనాల దగ్గరే, నా నమిలే చప్పుడు విని, అందరి ముందూ అంది: "మేకను తెచ్చుకున్నాంరా నాయనా! దొడ్లో కట్టేయాల్సింది."

అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. ఆయన నమిలితే పక్కింటికి వినబడేది. ఆ సంగతి ఎవరూ అనలేదు. ఆ రోజు నుంచి ఏది తిన్నా నోట్లో నానబెట్టి, నాలుకతో నొక్కి, చప్పుడు కాకుండా మింగడం నేర్చుకున్నాను.

ఇంటికొచ్చి చూసిపోయే నర్సుకు అత్తగారి కోరిక చెప్పాను.

"మూకుడు పెడితే ఆ నూనె పొగకి ఆవిడకు ఊపిరాడదమ్మా. వంటింటి పక్కనే ఆవిడ గది, అందులో ఆక్సిజన్ మిషను ఉందాయె," అంది. తలుపు దగ్గర ఆగి గొంతు తగ్గించింది. "ఏం చేసినా ఈ వారంలోనే చేయండి."

మేడ మీది కుట్టుపనావిడను అడిగి కరెంటు ఓవెన్ తెచ్చుకున్నాను. టోఫు ముక్కలు కోసి, నూనె రాసి లోపల పెట్టాను. ఎర్రగానే కాలాయి. ఒక ముక్క తీసుకెళ్లి మంచం పక్కన గిన్నె అంచుకు కొట్టి వినిపించాను. ఆవిడ కళ్లు తెరవకుండానే పెదవి విరిచింది.

"నీళ్లున్నాయి అందులో. చెప్పు అట్టలా సాగుతుంది. బరువు పెట్టావా?"

"కాసేపు పెట్టాను."

"కాసేపు కాదే. నా మీద ఎంత కోపం దాచుకున్నావో అంత బరువు పెట్టు."

ఆ ముక్క గిన్నెలో పడేసి లేచాను.

మర్నాడు పొద్దున్నే ఇంకో టోఫు గడ్డ తెచ్చి, పొడి గుడ్డలో చుట్టి, రెండు పలకల మధ్య పెట్టి, పైన నీళ్ల బిందె ఎత్తాను. గుడ్డ తడిసినప్పుడల్లా మార్చాను. ఆవిడ ఊపిరి కోసం ఆగి ఆగి మంచంలోంచే పని చెప్పింది. కత్తి పెట్టకుండా చేత్తో తుంచమంది. గరుకు అంచులే కరకరలాడతాయట. ముక్కలకు ఉప్పు, చెంచాడు నూనె పట్టించి, ఆ పైన మొక్కజొన్న పిండి చల్లి, తడి కనబడకుండా దొర్లించమంది.

"పళ్లెంలో ఒకదానికొకటి తగలనివ్వకు. తగిలితే చెమరుస్తాయి. మనిద్దరిలాగా ఎడమెడంగా ఉండాలి."

సగం కాలాక ముక్కలు తిరగేశాను. మధ్యాహ్నం ఓవెన్ తీసి పళ్లెం కదిపితే గులకరాళ్లలా గలగలమన్నాయి.

"ఆఁ, ఇదీ!" అంది లోపలి నుంచి.

స్టూలు మంచం దగ్గరికి లాక్కుని ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. నా దవడ అలవాటు మానలేదు. నానబెట్టి మింగేశాను. గదిలో మిషను రొద తప్ప ఏమీ వినబడలేదు.

"వేసుకోలేదా?"

"మింగేశాను అత్తయ్యా. నాకు చప్పుడు చేయడం రావట్లేదు."

ఆవిడ కళ్లు తెరిచి నన్ను చాలాసేపు చూసింది. ఆనాటి భోజనాలు ఆవిడకూ గుర్తొచ్చాయని తెలిసిపోయింది. తప్పయిందని అనే మనిషి కాదు. నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"గట్టిగా నమలవే. ఎవడు నవ్వుతాడో నేనూ చూస్తాను."

రెండో ముక్క కరకరమంది. నా తల నిండా అదే మోత. ఆవిడ కళ్లు మూసుకుని మోకాలి మీద వేలితో తట్టింది, ఇంకొకటి అన్నట్టు. నమిలాను. మళ్లీ తట్టింది. నాతోపాటు ఆవిడ దవడ కూడా ఆడుతోంది. ముక్కు దగ్గర గొట్టం సన్నగా ఊగుతోంది.

"మేకవే నువ్వు," అంది.

నోటి నిండా ముక్కలతో నవ్వాను. పొడి ఎగిరి దుప్పటి మీద పడింది.

ఆ తర్వాత తట్టడం నెమ్మదించింది. నిద్ర పడుతోంది కాబోలనుకున్నాను. చప్పుడు ఆగితే మెలకువ వస్తుందేమోనని, తట్టకపోయినా ఒకటి, ఆ పైన ఇంకొకటి నమిలాను. మోకాలి మీది చెయ్యి బరువెక్కింది. నమలడం ఆపి విన్నాను. మిషను రొద వినబడింది. ఆవిడ ఊపిరి వినబడలేదు.

నర్సు వచ్చి మిషను ఆపింది, గొట్టం తీసింది. మనుషులు వచ్చి ఆవిడను తీసుకెళ్లారు. అంతా అయిపోయి ఇంటికొచ్చాక, స్టూలు మీద పళ్లెంలో మిగిలిన ముక్కలు కనబడ్డాయి. పారేయబుద్ధి కాక ఒకటి నోట్లో వేసుకున్నాను. మెత్తబడిపోయింది. పళ్లు బిగించి గట్టిగా నమిలాను.

చప్పుడు రాలేదు.