తోటికోడలి బ్యాటరీ

ఆ రేవులో జనాన్ని దాటించే మోటారు పడవలు రెండే. ఒకటి పెద్దకోడలిది, ఇంకోటి చిన్నకోడలిది.

చిన్నకోడలు మీట నొక్కగానే ఇంజను బుర్రుమనేది. ఆమె జుట్టయినా చెదిరేది కాదు. పెద్దకోడలు మాత్రం పళ్లు బిగబట్టి పదే పదే తాడు లాగాలి. మీట ఆమె ఇంజనుకూ ఉంది. వానాకాలమంతా చార్జింగ్ పెట్టకుండా మూలన పడేసి బ్యాటరీని చంపుకున్నది తనే. అయినా చిన్నదాని ఇంజను మోగినప్పుడల్లా ఆమె కడుపులో కుంపటి రాజుకునేది.

ఒకరోజు ఉండబట్టలేక బ్యాటరీల షాపుకు వెళ్లింది. లారీలకు వేసే ఓ భారీ బ్యాటరీ మీద ఆమె కన్ను పడింది.

"అది పడవకి పనికిరాదమ్మా. అలల కుదుపుకి లోపలి పలకలు విరిగిపోతాయి. దళసరి పలకలున్న ఈ చిన్నది తీసుకోండి. డబ్బాలో పెట్టి పట్టీతో బిగించుకోండి," అన్నాడు షాపతను.

"మా తోటికోడలి దగ్గరున్నది ఏది?"

"ఈ చిన్నదే."

"అయితే పెద్దదే ఇవ్వు."

నాలుగు రోజులు ఆమె కాలు నేల మీద ఆనలేదు. లాగుడు తాడును ఊడదీసి ఇంట్లో పడేసింది కూడా. అయిదో రోజు గాలి లేచింది. పట్టీ లేని బ్యాటరీ అటూ ఇటూ కొట్టుకుంది. నడి నీళ్లలో, పడవను నడిపే ఫ్యానుకు చుట్టుకున్న నాచు తీద్దామని ఇంజను ఆపిందామె. మళ్లీ మీట నొక్కితే టక్కుమని ఊరుకుంది. పడవ నిండా జనం.

వచ్చింది ఎవరు? చిన్నకోడలే. "అక్కా, మోకు పట్టుకో!"

ఆ మోకు అందుకోవడం కంటే నీళ్లలో దూకడమే నయమనిపించింది పెద్దకోడలికి.

ఒడ్డుకు చేరాక చిన్నది బ్యాటరీని చూసి నోరు వెళ్లబెట్టింది. "దీన్ని ఎవరు అంటగట్టారక్కా నీకు?"

"ఆ షాపువాడే," అని తడుముకోకుండా అబద్ధమాడింది పెద్దది.

"వాడి సంగతి చూస్తానుండు!" అంటూ చిన్నది విసవిసా వెళ్లిపోయింది.

చిన్నది సాయంత్రానికి తిరిగొచ్చింది. "నాదానికంటే పెద్దది కావాలన్నావటగా?"

పెద్దది తల వంచుకుంది. "నిన్ను చూస్తే కళ్లు మండుతాయే. ఏం చెయ్యను?"

"నాకు మండవనుకున్నావా?" అంది చిన్నది, పక్కనే కూలబడుతూ. "నీ పడవెక్కినవాళ్లు నవ్వుతూ దిగుతారు. నా పడవలో ఆవులిస్తూ కూర్చుంటారు. నాకు నీలా మాటలు రావు కదా. అందుకే కనీసం చిటికెలో బయల్దేరదీద్దామని ఆ బ్యాటరీ పెట్టించుకున్నా."

పెద్దకోడలు మర్నాడే సరైన బ్యాటరీ తెచ్చుకుంది. దాన్ని డబ్బాలో బిగించడం, తీగల కొసలకు పట్టిన తెల్లటి చిలుమును సోడా నీళ్లతో కడిగి వ్యాసలీన్ రాయడం చిన్నదే చూపించింది. పెద్దది బుద్ధిగా నేర్చుకుంది.

కానీ ఆనాటి నుంచి రెండు పడవలు ఎదురుపడినప్పుడల్లా ఆమె గొంతు ఒక మెట్టు పెంచేది. తన జనం నవ్వులు అవతలి పడవకు వినబడాలి మరి.