ఆఖరున దిగే మనిషి

నేవీలో ఆఫీసరు కావాలని ధనశ్రీ సెలక్షన్ బోర్డుకు వెళ్లడం ఇది మూడోసారి. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి అవకాశం. జాలరిపేటలో ఇంటి నుంచి బయల్దేరుతుంటే తల్లి గంగాలమ్మ చేపల తట్ట ఎత్తుకుంటూనే పాఠం చెప్పింది.

"ఆపీసరంటే ముందుండాలమ్మి. ఎనకున్నోల్నెవుడు సూత్తాడు? ఈపాలైనా ముందుకెల్లి నిలబడు."

కోచింగ్ మాస్టారూ అదే నూరిపోశాడు. ధనశ్రీ బుద్ధిగా తలూపింది.

ఊపిన తల ఊపినట్టే ఉంది, మాట మాత్రం నిలవలేదు. మైదానంలో ధనశ్రీతో పాటు కొంతమంది అమ్మాయిలకు చెక్కపలకలు, పీపాలు ఇచ్చి, నేలకు కాలు తగలకుండా అవతలి గట్టుకు చేరమన్నారు. దారి కనిపెట్టింది ధనశ్రీయే, మొదటి పలక వేసిందీ తనే. ఇంతలో సాయిదుర్గ అనే అమ్మాయి పీపా మీద గడగడా వణకడం కంటబడింది. ఇంకేముంది, మాస్టారూ గుర్తులేడు, అమ్మా గుర్తులేదు. వెనక్కొచ్చి పలక అదిమిపట్టి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తూ దాటించింది. సాయిదుర్గ దాటిందో లేదో టైమైపోయిందని విజిల్ పడింది. ధనశ్రీ ఒక్కతే పీపా మీద మిగిలిపోయింది.

కొంప మునిగిందనుకుంది.

చివరి రోజు బోర్డులో తెల్ల యూనిఫాం పెద్దాయన సూటిగా అడిగాడు. "దారి కనిపెట్టినదానివి, వెనకెందుకు ఉండిపోయావు?"

బట్టీపట్టిన జవాబులన్నీ వదిలేసి ఉన్నమాటే చెప్పింది. "మా నాన్న పడవలో చుక్కాని పడతారు సార్. చుక్కాని వెనక ఉంటుంది. అక్కణ్నుంచైతే అందరూ కనబడతారు. ఒడ్డుకొచ్చాక అందరూ దిగాకే ఆయన దిగుతారు. నాకూ అదే అలవాటైపోయింది."

సాయంత్రం ఎంపికైన నెంబర్లు చదివారు. అందులో ధనశ్రీ నెంబరుంది. నమ్మకం చాలక, తన చొక్కా మీది అంకెను వంగి మళ్లీ చదువుకుంది.

ఫోన్ గంగాలమ్మే ఎత్తింది. "ముందుకెల్లి నిలబడ్డావేటే?"

"నేదమ్మా. అందర్నీ దాటించి నాను ఎనకే ఉండిపోనాను. అయినా తీసుకున్నారు."

ఫోన్ పక్కనే వింటున్న తండ్రి పైడయ్య చేతికి మారింది.

"అందరూ దిగినారా అమ్మి?"

"దిగినారయ్యా."

"అయితే ఇంక నువ్వూ దిగొచ్చీ. మీ యమ్మ ఏడుత్తంది."