నీడ తప్పిన చెట్టు

నోటికి వేసుకునే కుట్టు తప్ప అన్ని కుట్లూ వచ్చు ఆ దర్జీ చెల్లెలికి. అందుకే, డ్రాయింగు టీచరుగా ముప్ఫయ్యేళ్లు చేసిన అక్క రిటైరైన రోజున, ఇంటికొచ్చిన టీచర్లంతా గోడ మీద, ఆమెకు ఒకప్పుడు బహుమతి తెచ్చిన చెట్టు బొమ్మను మెచ్చుకుంటుంటే ఊరుకోలేకపోయింది. "అదా? వేరేవాళ్ల బొమ్మ మీద కాగితం పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి దిద్దేసింది. కాగితం పట్టుకున్నది నేనే!" అని పకపకా నవ్వింది. అక్క మొహం కందగడ్డలా అయింది. ఆ రోజుతో మాటలు బంద్.

ఫోన్ చేస్తే అక్క పెట్టేసేది. ఉత్తరం రాస్తే విప్పకుండానే తిరుగుటపాలో వచ్చేది. పోట్లాడుకోకుండా ఒక్క పూట గడపని అక్కచెల్లెళ్లకు ఏడాది మౌనమంటే మాటలా? మిషను తొక్కుతూ తొక్కుతూ చెల్లెలు కళ్లు తుడుచుకునేది.

ఒకరోజు తటాలున తట్టింది. కవరుంటేనే కదా విప్పకుండా పంపేది! కవరే లేని కార్డయితే చూడక చస్తుందా? అక్కకు ప్రాణమైన చెట్టు బొమ్మే వేసి పంపాలి.

రంగుల పెట్టె కొని, కటింగు బల్ల మీద మొదలుపెట్టింది. మొదటి చెట్టు తిరగబడ్డ గొడుగులా వచ్చింది. రెండోదానికి నీళ్లెక్కువై ఆకులన్నీ కాండంలోకి కారిపోయాయి.

"ఇది చెట్టా, వరదా?" అన్నాడు మొగుడు.

"నువ్వు టీ తాగి నీ పని చూసుకో."

కాగితం తడిపి, మెరుపు తగ్గేదాకా ఆగి, బ్రష్షు పక్కకు వాల్చి అద్దడం, ఆకుల మధ్య ఆకాశానికి సందులు వదలడం పట్టుబడేసరికి రెండు నెలలు పట్టింది. జిగ్‌జాగ్ కత్తెరతో అంచులు కత్తిరించి, ముచ్చటైన కార్డొకటి పంపింది. ఉలుకూ పలుకూ లేదు. అంతకన్నా మంచిది ఇంకోటి పంపింది. ఊహూఁ.

"బాగున్నదాన్ని మీ అక్క ఏనాడైనా బాగుందందా?" అన్నాడు మొగుడు తాపీగా.

చెల్లెలి కళ్లు మెరిశాయి. మూడో కార్డులో సూర్యుణ్ణి కుడివైపు పెట్టి, చెట్టు నీడనూ కుడివైపే పడేసింది. నాలుగో రోజుకల్లా కార్డు తిరిగొచ్చింది, ఎర్ర పెన్సిలు గీతలతో. "నీడ ఎడమకు పడాలి, మొద్దూ!"

మొద్దట! చెల్లెలు మిషను చుట్టూ గంతులేసింది. ఇక వారానికో తప్పు. ఒకదాంట్లో కాండం కన్నా కొమ్మ లావు. ఇంకోదాంట్లో నీళ్లలో చెట్టు ప్రతిబింబం తలకిందులు కాకుండా నిటారుగా. అన్నీ ఎర్రబారి వెనక్కొచ్చాయి. కానీ ఎలా ఉన్నావన్న ముక్క ఒక్కదాని మీదా లేదు. క్షమించమని తనే రాద్దామని పెన్ను పట్టుకునేది, చెయ్యి ఆడేది కాదు.

ఇంతలో స్కూలు యూనిఫాములు గుట్టగా వచ్చిపడ్డాయి. రెండు వారాలు బ్రష్షు ముట్టడానికి తీరిక చిక్కలేదు. పదిహేనో రోజు పొద్దున తలుపు దబదబా మోగింది. చూస్తే అక్క, రొప్పుతూ.

"కార్డు రాలేదేమే? ఒంట్లో బాగాలేదా?"

"జ్వరమక్కా..." చెల్లెలు నీరసంగా గోడకు చేరగిలబడింది.

"నిక్షేపంలా ఉంది వదినగారూ," లోపల్నుంచి మొగుడు అందుకున్నాడు. "ఇప్పుడే నాతో గంటసేపు పోట్లాడింది."

అక్క యూనిఫాములు పక్కకు జరిపి కుర్చీలో కూలబడింది. చెల్లెలికి ఇక నాటకం సాగలేదు.

"అంతమందిలో నీ పరువు తీశానక్కా. తప్పయిపోయింది," అని భోరుమంది. "ఆ బొమ్మల్లో తప్పులు కూడా... కావాలనే వేశా."

"తెలుసులేవే. మొదటి రెండూ అంత చక్కగా వేసిన చెయ్యి, మూడోదానికే నీడ మర్చిపోతుందా?"

"మరి తెలిసీ ఎందుకు దిద్దావు?"

అక్క కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"దిద్దకపోతే పంపడం మానేస్తావని."